డీఓ మీటరు: హైదరాబాద్ నీళ్ళలో సరైన అంకె చూపించేలా వాడటం, పదికాలాలు పని చేసేలా చూసుకోవడం

30 డిగ్రీల వేడి ఉన్న మంచినీళ్ళలో గాలి నుంచి ఎంత ఆక్సిజన్ కరుగుతుంది? పుస్తకంలో పట్టిక లీటరుకు 7.56 మిల్లీగ్రాములు అంటుంది. ఆ లెక్క సముద్ర మట్టం దగ్గరిది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి ఇక్కడ అవే నీళ్ళలో 7.1 మించి నిలవదు. బకెట్లో గాలి బాగా కొట్టి ఉంచిన శుభ్రమైన నీళ్ళలో మీ డీఓ మీటరు (నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను, అంటే డిజాల్వ్డ్ ఆక్సిజన్‌ను కొలిచేది) 7.6 చూపిస్తోందంటే, మనం ఏ ఊళ్ళో ఉన్నామో దానికి ఎవరూ చెప్పలేదన్నమాట.

నీటి పరీక్షల పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. అపార్ట్‌మెంట్ల ఎస్‌టీపీలు (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్లు), చెరువులు, శివార్లలో చేపల గుంటలు అన్నీ చూశాను. కొత్తగా పనిలో చేరిన పిల్లలకు మొదట నేర్పేది ఒకటే. ప్రోబ్ (మీటరుకు కేబుల్‌తో ఉండే, నీళ్ళలో ముంచే భాగం) ముంచేలోపే ఈ నీళ్ళలో ఎంత రావచ్చో నీకు ఒక అంచనా ఉండాలి. అంచనా లేకపోతే మీటరు ఏది చూపిస్తే అదే రాసుకొస్తావు. ప్రోబ్ మొన మీది పొర చిరిగినా, లోపలి ఎలక్ట్రోలైట్ ద్రావణం ఎండినా మీటరు ఏదో ఒక అంకె చూపిస్తూనే ఉంటుంది. ఆ అంకె నమ్మదగినదా కాదా అని తేల్చుకోవడం మన పని. కింద చెప్పేదంతా అందుకోసమే.

మీ చేతిలో ఉన్నది ఏ రకం ప్రోబ్?

మార్కెట్లో మూడు రకాలున్నాయి. వాటి నడక వేరు, కాపాడుకునే తీరు వేరు. ఏది కొన్నారో తెలియకుండా యూట్యూబ్ చూసి వాడితే పప్పులో కాలేసినట్టే.

మొదటిది పోలరోగ్రాఫిక్. 1956లో లీలండ్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ప్రకటించిన ఎలక్ట్రోడ్ దీనికి మూలం. లోపల బంగారు కాథోడ్, వెండి ఆనోడ్, వాటి చుట్టూ పొటాషియం క్లోరైడ్ ద్రావణం, ముందు పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటాయి. నీళ్ళలోని ఆక్సిజన్ పొర దాటి లోపలికి వెళ్ళి కాథోడ్ దగ్గర ఖర్చవుతుంది. అప్పుడు పుట్టే కరెంటు ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. దీనికి బయటి నుంచి సుమారు 0.8 వోల్టులు ఇవ్వాలి. కాబట్టి ఆన్ చేయగానే వాడకూడదు, పది పదిహేను నిమిషాలు ఆగాలి. మీటరు ఆన్ చేసి టీ తాగి రమ్మని మా పిల్లలకు చెబుతాను.

రెండోది గాల్వానిక్. ఇది కూడా పొర, ద్రావణం ఉన్నదే. కాకపోతే ఆనోడ్ జింకో, సీసమో అవడంతో తన కరెంటు తానే పుట్టించుకుంటుంది. ఆన్ చేయగానే వాడొచ్చు. కానీ స్విచ్ ఆపినా లోపల చర్య జరుగుతూనే ఉంటుంది, ఆనోడ్ అరుగుతూనే ఉంటుంది. అలమారలో ఉంచి ఏడాదిగా వాడనే లేదు, పాడెలా అయింది అని అడిగేవాళ్ళకు జవాబు ఇదే.

మూడోది ఆప్టికల్. ఇందులో ద్రావణం లేదు, పొర మార్చే బాధ లేదు. మొనకు బిగించే క్యాప్ లోపల ఒక రంగు పూత ఉంటుంది. దాని మీద నీలి వెలుగు పడితే అది ఎర్రగా వెలుగుతుంది. ఆక్సిజన్ ఎంత ఎక్కువుంటే ఆ వెలుగు అంత తొందరగా ఆరిపోతుంది. ఆరే వేగాన్ని బట్టి మీటరు లెక్క కడుతుంది. ధర ఎక్కువే, క్యాప్ కూడా ఏడాదికో రెండేళ్ళకో మార్చాలి. అయినా మురుగునీళ్ళలో రోజూ పని చేసేవాళ్ళు డబ్బు కూడబెట్టుకుని అయినా ఇదే కొనాలని నా సలహా. కారణం కింద కనిపిస్తుంది.

వాతావరణం యాప్‌లోని ఒత్తిడి మీటరులో వేయకండి

మన ఊళ్ళో ఎక్కువమంది చేసే పొరపాటు ఇది. నేనూ మొదట్లో కొన్ని నెలలపాటు ఇదే చేశాను.

క్యాలిబ్రేషన్, అంటే మీటరును తెలిసిన అంకెతో సరిచేయడం, చేసేటప్పుడు చాలా మీటర్లు గాలి ఒత్తిడి అడుగుతాయి. ఫోన్ తీసి వాతావరణం యాప్ చూస్తే 1010 హెక్టోపాస్కళ్ళు అనో, దానికి కాస్త అటూ ఇటూ ఉన్న అంకెనో చూపిస్తుంది. అదే వేసేస్తాం. కానీ అది హైదరాబాద్‌లో ఉన్న ఒత్తిడి కాదు. వాతావరణ పటాల్లో ఊళ్ళన్నింటినీ ఒకే కొలమానంలో పోల్చడానికి, ఈ ఊరు సముద్ర మట్టం దగ్గర ఉండి ఉంటే ఎంత ఉండేదో సవరించి ఇచ్చిన లెక్క. మన చెరువు గట్టున నిజంగా ఉండే ఒత్తిడి 950 దగ్గర ఉంటుంది. పాదరసం మిల్లీమీటర్లలో చెప్పాలంటే 760 కాదు, సుమారు 713.

ఈ తేడా వల్ల రీడింగు దాదాపు 6 నుంచి 7 శాతం ఎక్కువ వస్తుంది. అంత చిన్న తేడాకు ఇంత గొడవా అనుకోవద్దు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి స్నానానికి పనికొచ్చే నీళ్ళకు డీఓ కనీసం 5 ఉండాలంటుంది. నిజంగా 4.7 ఉన్న నీళ్ళు ఈ తప్పుతో సరిగ్గా 5.0 అని కనిపిస్తాయి. తప్పిన చెరువు పాసైపోతుంది.

సరైన ఒత్తిడి తెలుసుకోవడానికి రెండు దారులున్నాయి. కొన్ని ఫోన్లలో బారోమీటర్ సెన్సర్ ఉంటుంది, దాన్ని నేరుగా చదివే యాప్‌లు దొరుకుతాయి. అందులో సముద్ర మట్టానికి సవరించని అంకె తీసుకోండి. అది లేకపోతే మీరు నిలబడ్డ చోటి ఎత్తు మ్యాపులో చూసి, ప్రతి 100 మీటర్లకు సుమారు 11.5 హెక్టోపాస్కళ్ళ చొప్పున 1013 నుంచి తీసేయండి. 540 మీటర్లకు 62 పోతుంది, 951 మిగులుతుంది. ఒక చెరువుకూ ఇంకో చెరువుకూ 50 మీటర్ల ఎత్తు తేడా ఉన్నా లెక్కలో అర శాతానికి కాస్త పైన మాత్రమే మారుతుంది, దానికి కంగారు పడనక్కర్లేదు. కొత్త మీటర్లలో చాలావాటికి సొంత బారోమీటర్ ఉంది. దాన్ని కూడా ఒకసారి సరిచూడండి. మన ఊళ్ళో అది 1010 చూపిస్తే నమ్మకూడదు.

మా ల్యాబ్‌లో గోడకు అంటించిన కాగితం మీద అంకెలు ఇవి. 950 హెక్టోపాస్కళ్ళ ఒత్తిడిలో, గాలితో పూర్తిగా నిండిన మంచినీళ్ళలో, 20 డిగ్రీల దగ్గర 8.5, 25 దగ్గర 7.7, 30 దగ్గర 7.1, 35 దగ్గర 6.5. ఈ నాలుగూ కంఠతా పట్టండి. హైదరాబాద్‌లో డీఓ కొలిచేవాళ్ళకు ఎక్కాల పుస్తకం ఇదే.

శాతం గురించీ ఒక మాట. కొన్ని మీటర్లు క్యాలిబ్రేషన్ తర్వాత గాలిలో 100 శాతం చూపిస్తాయి. కొన్ని సముద్ర మట్టంతో పోల్చి 94 దగ్గర చూపిస్తాయి. ఆ 94 తప్పు కాదు, మన ఊరి ఒత్తిడికి అదే సరైనది. పాడైందనుకుని మళ్ళీ మళ్ళీ క్యాలిబ్రేట్ చేస్తూ కూర్చోకండి. మీ మీటరు ఏ పద్ధతిదో మాన్యువల్ చూసి మూత మీద మార్కర్‌తో రాసిపెట్టుకోండి.

గాలిలో క్యాలిబ్రేషన్

పొర ఉన్న ప్రోబ్ అయితే బయటికి వెళ్ళే ప్రతిరోజూ చేయండి. ఆప్టికల్ అయితే వారానికోసారి సరిపోతుంది, కానీ గాలిలో ఎంత చూపిస్తోందో మాత్రం రోజూ చూసుకోండి.

1. మీటరు ఆన్ చేయండి. పోలరోగ్రాఫిక్ అయితే పదిహేను నిమిషాలు వదిలేయండి.

2. క్యాలిబ్రేషన్ కప్పులోని స్పాంజిని శుభ్రమైన నీళ్ళతో తడిపి గట్టిగా పిండండి. తేమ ఉండాలి, నీళ్ళు కారకూడదు. కప్పు లేకపోతే చిన్న ప్లాస్టిక్ సీసాలో అర అంగుళం నీళ్ళు పోసి, ప్రోబ్ మొన నీటికి తగలకుండా మూతలోంచి వేలాడదీయండి. సీసాను మరీ గాలి చొరబడకుండా బిగించొద్దు. లోపలి ఒత్తిడి బయటి ఒత్తిడితో సమానంగా ఉండాలి.

3. పొర మీద నీటి చుక్క ఉందేమో చూడండి. ఉంటే మెత్తటి టిష్యూ అంచును చుక్కకు ఆనించండి, అదే పీల్చుకుంటుంది. రుద్దొద్దు. ఒక్క చుక్క మిగిలినా రీడింగు తక్కువ వస్తుంది. ఆ తక్కువనే 100 అనుకుని క్యాలిబ్రేట్ చేస్తే, ఆ రోజు కొలిచిన ప్రతి నీరూ ఉన్నదానికంటే బాగున్నట్టు కనిపిస్తుంది. ఏసీ కారులోంచి మీటరు తీసి ఎండలో పెట్టినప్పుడు ఇది ఎక్కువ జరుగుతుంది. చల్లటి పొర మీద బయటి తేమ సన్నగా పట్టేస్తుంది, కంటికి కనిపించదు కూడా.

4. నీడలో పెట్టి కనీసం పది నిమిషాలు కదపకండి. ఉష్ణోగ్రత అంకె నిలకడగా ఉండాలి. పొరలోంచి ఆక్సిజన్ వెళ్ళే వేగం డిగ్రీకి 3 నుంచి 4 శాతం మారుతుంది. ప్రోబ్ లోపలి ఉష్ణోగ్రత సెన్సర్ ఒక వేడిలో, పొర ఇంకో వేడిలో ఉంటే సవరణంతా తలకిందులవుతుంది.

5. ఒత్తిడి వేసి, ఉప్పదనం దగ్గర మంచినీళ్ళకు సున్నా పెట్టి, నిర్ధారించండి.

6. ఇప్పుడు గోడ మీది కాగితంతో పోల్చండి. 28 డిగ్రీల దగ్గర 7.3 వచ్చిందా? వెళ్ళొచ్చు.

ఉప్పదనం గురించి మన చెరువుల్లో పెద్దగా పట్టించుకోనక్కర్లేదు. లీటరుకు ఒక గ్రాము ఉప్పుకు డీఓ అర శాతం పైచిలుకు తగ్గుతుంది, అంతే. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో ఉప్పునీళ్ళు కొలిచేవాళ్ళు మాత్రం తప్పకుండా వేయాలి. లీటరుకు 10 గ్రాములంటే 5 శాతం దాటిపోతుంది.

నెలకోసారి సున్నా కూడా చూడండి. 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 2 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపి, సీసా నిండుగా పోసి, ప్రోబ్ పెట్టండి. కాసేపట్లో 0.2 కిందికి రావాలి. రాకపోతే పొర గాని, ఎలక్ట్రోడ్ గాని తేడాగా ఉందన్నమాట. ఎస్‌టీపీల్లో, మూసీలో పని చేసేవాళ్ళకు ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే వాళ్ళు కొలిచే అంకెలన్నీ సున్నా చుట్టుపక్కలే. ఆ ద్రావణాన్ని దాచి మళ్ళీ వాడకండి. తర్వాత ప్రోబ్‌ను ధారాళంగా కడగండి. సల్ఫైట్ కొంచెం అంటుకుని ఉన్నా తర్వాత కొలిచే నీళ్ళలో ఆక్సిజన్‌ను తినేస్తుంది.

నీళ్ళలోకి దించడం

నీళ్ళను మీటరు దగ్గరికి తేకండి, మీటరునే నీళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మిగతా అన్ని జాగ్రత్తల కంటే ఇది ముందు.

ఒక గేటెడ్ కమ్యూనిటీ ఎస్‌టీపీలో నా కళ్ళముందు జరిగింది. ఆపరేటరు కుర్రాడు రోజూ ఎయిరేషన్ ట్యాంకులోంచి (మురుగునీళ్ళకు గాలి కొట్టే తొట్టి) మగ్గుతో నీళ్ళు ముంచి, మెట్లెక్కి పైన గదిలో ఉన్న మీటరు దగ్గరికి తెచ్చి కొలిచేవాడు. రోజూ 0.3, 0.4. గాలి చాలట్లేదని రెండో బ్లోయర్ కూడా రాత్రింబవళ్ళు నడిపించారు, కరెంటు బిల్లు చూసి కమిటీవాళ్ళు లబోదిబోమన్నారు. నేను వెళ్ళి ప్రోబ్‌ను నేరుగా ట్యాంకులో దించాను. 3.8. "సార్, మీ మీటర్ కరెక్టేనా?" అని అడిగాడు. పాపం, అడగాల్సిన ప్రశ్నే. అతని మీటరే దించి చూపించాను, అదీ అంతే చూపించింది.

ఎయిరేషన్ ట్యాంకు నీళ్ళంటే బతికున్న సూక్ష్మజీవుల గుజ్జు. మగ్గులోకి వచ్చాక గాలి అందదు, అవి మాత్రం ఊపిరి పీలుస్తూనే ఉంటాయి. మంచి పనిలో ఉన్న బురద నిమిషానికి లీటరుకు అర మిల్లీగ్రాము పైనే తినేయగలదు. ఐదారు నిమిషాల మెట్లు చాలు, ఉన్నదంతా అయిపోవడానికి. చెరువు నీళ్ళకు దీనికి ఎదురుగా జరుగుతుంది. డీఓ తక్కువున్న నీళ్ళను బకెట్లో చిందేలా పోస్తే గాలి కలిసి ఎక్కువ చూపిస్తుంది.

ఎయిరేషన్ ట్యాంకులో ప్రోబ్‌ను బుడగలు ఉబికి వచ్చే చోటికి నేరుగా పైన పెట్టకండి. బుడగ వచ్చి పొరకు అతుక్కుంటే అంకె ఒక్కసారిగా ఎగురుతుంది. మొన కాస్త ఏటవాలుగా ఉండేలా పట్టుకుంటే బుడగ జారిపోతుంది. మామూలు ట్యాంకులో 2 దగ్గర ఉంటే సరిపోతుంది. 1 కిందికి పోతే వాసన మొదలవుతుంది. 4 దాటి నిలకడగా ఉంటే బ్లోయర్‌కు అనవసరంగా కరెంటు పోస్తున్నారని అర్థం. ట్యాంకు అంచున ఒంటరిగా వంగొద్దు, చేతికి గ్లవ్స్ లేకుండా తాకొద్దు.

పొర ఉన్న ప్రోబ్‌లు కొలిచేకొద్దీ తమ ముందున్న ఆక్సిజన్‌ను తామే వాడేసుకుంటాయి. నిలవ నీళ్ళలో అలాగే ఉంచితే అంకె మెల్లగా దిగుతూ పోతుంది. చూసేవాళ్ళు రీడింగు స్థిరపడుతోందనుకుంటారు. అందుకే సెకనుకు జానెడు చొప్పున అటూ ఇటూ ఆడిస్తూ ఉండండి, పైకీ కిందికీ కుదపొద్దు. ఆప్టికల్‌కు ఈ బాధ లేదు. ఉష్ణోగ్రత సర్దుకునే దాకా ఆగితే చాలు.

చెరువు గట్టున కొలిచేటప్పుడు కేబుల్‌కు అడుగుకొక టేపు ముక్క చుట్టి పెట్టుకోండి. నీటి మట్టానికి ఒక అడుగు కింద ఒక రీడింగు, మధ్యలో ఒకటి, అడుగున బురదకు ఒక అడుగు పైన ఒకటి. ఎండాకాలంలో పైన 8, కింద 1 ఉండటం మామూలే. పైన ఒక్కచోట మాత్రమే కొలిచి చెరువు బాగుందనడం, ఇంటి ముందు ముగ్గు చూసి లోపల వంట ఎలా ఉందో చెప్పడమే. బురదలో మాత్రం గుచ్చకండి. పొర చిరగకపోయినా ఆ పూత కడగడానికి అరగంట పడుతుంది.

వేళ కూడా రాయాలి. పచ్చగా నాచు పట్టిన చెరువులో మధ్యాహ్నం మూడింటికి 11, 12 రావచ్చు. 30 డిగ్రీల దగ్గర నిండితే 7.1 కదా, అంత ఎలా వచ్చిందని మీటరును అనుమానించకండి. నాచు ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తూ నీళ్ళను నిండినదానికి మించి నింపేస్తుంది. ఆ అంకె చూసి సంతోషించాల్సిందేమీ లేదు. అదే నాచు రాత్రంతా ఆక్సిజన్ తింటుంది. తెల్లవారుజామున ఐదున్నరకు అదే చోట 1 కనిపించవచ్చు.

శివారులో ఒక చెరువు దగ్గర చేపలు పట్టే పెద్దాయన ఒకరోజు నాకు ఫోన్ చేశాడు. "సారూ, తెల్లారంగనే చేపలన్నీ మీదికొచ్చి నోర్లు తెరుస్తున్నయ్. మందేమన్న గలిపిన్రా ఏంది?" మూడు రోజులుగా ముసురు, ఎండ లేదు. మరుసటి తెల్లవారుజామున వెళ్ళి చూస్తే పైన 1.4, అడుగున మీటరు 0.1 దగ్గర ఆగిపోయింది. విషం ఎవరూ కలపలేదు. మబ్బుల వల్ల పగలు ఆక్సిజన్ తయారవలేదు, రాత్రి ఖర్చు మాత్రం ఆగలేదు. నేను పొద్దున పదింటికి తీరిగ్గా వెళ్ళి ఉంటే 4 చూసి అంతా బాగానే ఉందని చెప్పి వచ్చేవాణ్ణేమో. చేపల గుంటవాళ్ళు ఒక్కసారే కొలవగలిగితే సూర్యుడు రాకముందే కొలవండి. రవ్వ, బొచ్చె లాంటి చేపలకు 3 కిందికి దిగితే ఇబ్బంది మొదలైనట్టే. ఎయిరేటర్ అప్పుడే వేయాలి, చేపలు పైకి తేలేదాకా ఆగకూడదు.

పొర మార్చడం

దీన్ని చూసి అందరూ భయపడతారు. మంచి వెలుగున్న టేబుల్, తెల్లటి పళ్ళెం ఉంటే పావుగంట పని. పళ్ళెం ఎందుకంటే ఓ-రింగ్ (చిన్న రబ్బరు రింగు) చేజారితే అందులోనే పడుతుంది.

పాత క్యాప్ విప్పి, లోపలి ద్రావణం పారబోసి, ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో కడగండి. ఇప్పుడు దాన్ని వెలుగులో తిప్పి చూడండి. బంగారు కాథోడ్ నిగనిగలాడకుండా మాసిన పసుపులా ఉండాలి. వెండిలాంటి పూత కనిపిస్తే, కిట్‌తో వచ్చిన సన్నటి గరుకు కాగితాన్ని తడిపి రెండు మూడుసార్లు మెలి తిప్పండి, అంతకంటే వద్దు. వెండి ఆనోడ్ నల్లబడిందా? మురుగునీళ్ళలోని హైడ్రోజన్ సల్ఫైడ్ పొర దాటి లోపలికి వెళ్ళి చేసే పని అది. ఇంట్లో వెండి పట్టీలు నల్లబడటం లాంటిదే. 3 శాతం అమోనియాలో రాత్రంతా ఉంచి, బాగా కడిగితే చాలామట్టుకు పోతుంది. మీ మాన్యువల్ వేరే పద్ధతి చెబితే అదే చేయండి. గాల్వానిక్ ప్రోబ్‌ను మాత్రం మాన్యువల్ చెప్పకుండా గరుకు కాగితంతో ముట్టొద్దు. కుళ్ళు వాసన వచ్చే నీళ్ళలో రోజూ తిరిగే వాళ్ళకు ఆప్టికల్ కొనమన్నది ఇందుకే. సల్ఫైడ్ దాన్ని ఇలా దెబ్బతీయదు.

కొత్త క్యాప్‌లో ద్రావణాన్ని గోడ వెంట జారేలా పోయండి, నురగ రాకూడదు. సగానికి పైన పోశాక క్యాప్‌ను గోటితో రెండుసార్లు తట్టండి. అడుగున అతుక్కున్న గాలి చుక్కలు పైకి వస్తాయి. ప్రోబ్‌ను నిలువుగా పట్టుకుని మెల్లగా దించి బిగించండి. అంచుల్లోంచి ద్రావణం కొంచెం పొంగి కారాలి. పొంగకపోతే లోపల గాలి మిగిలిందన్నట్టే. తర్వాత మొనను పైకి తిప్పి, వెలుగు పొర మీద అడ్డంగా పడేలా చూడండి. ముడత గాని, ఆవగింజంత బుడగ గాని కనిపిస్తే సరిపెట్టుకోకండి, విప్పి మళ్ళీ చేయండి. పొరను వేలితో తాకొద్దు. చేతి జిడ్డు అంటితే రీడింగు మందగిస్తుంది.

కొత్త పొర వేసిన రోజే పని మీద వెళ్ళకండి, ఒక రాత్రి సర్దుకోనివ్వండి. రోజూ వాడే వాళ్ళు నెలకోసారి ద్రావణం మార్చుకుంటే మంచిది. అంకె నిలవకపోయినా, రీడింగు రావడానికి నిమిషం దాటుతున్నా తేదీ చూడకుండా మార్చేయండి.

కడగడం, దాచడం

పని అయిన వెంటనే, అక్కడే సీసాలో నీళ్ళతో కడగండి. నాచు ఆరితే గీకితే గానీ పోదు. గీకితే పొర పోతుంది. బోరు నీళ్ళు వాడకండి, మన బోర్ల సున్నం తెల్లగా పేరుకుంటుంది. ఆప్టికల్ క్యాప్‌ను సబ్బు నీళ్ళు, మెత్తటి గుడ్డతోనే తుడవాలి. స్పిరిట్, శానిటైజర్, అసిటోన్ తగిలితే పూత కరిగిపోతుంది. కరోనా రోజుల్లో అన్నింటికీ శానిటైజర్ కొట్టే అలవాటు పడి క్యాప్‌లు పాడు చేసుకున్న వాళ్ళను చూశాను.

రోజువారీగా అయితే తడి స్పాంజి ఉన్న కప్పులో, నీళ్ళలో మునగకుండా ఉంచండి. పోలరోగ్రాఫిక్‌ను నెలల తరబడి వాడనప్పుడు క్యాప్ విప్పి, ద్రావణం తీసేసి, కడిగి ఆరబెట్టి దాచండి. లేకపోతే లోపల ఉప్పు గడ్డకడుతుంది. ఆప్టికల్ క్యాపుల్లో కొన్నింటికి తేమ కావాలి, కొన్నింటికి అక్కర్లేదు. అది కంపెనీని బట్టి. మే నెలలో మూసిన కారు డిక్కీలో వదిలేయడం మాత్రం ఏ ప్రోబ్‌కూ మంచిది కాదు. బ్యాటరీలు తీసే దాచండి, అవి కారితే మీటరే పోతుంది.

వింక్లర్‌తో సరిచూడటం

1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త లయోష్ వింక్లర్ కనిపెట్టిన టైట్రేషన్ (రసాయనాన్ని చుక్కలుగా వేసి కొలిచే పద్ధతి) ఇప్పటికీ మీటరుకు పెద్దన్న. మన భారతీయ ప్రమాణం ఐఎస్ 3025లో 38వ భాగం డీఓ పరీక్షకే కేటాయించారు. మూడు నెలలకోసారి మీ మీటరును దీనితో పోల్చండి.

300 మిల్లీలీటర్ల బీఓడీ సీసాను బుడగ లేకుండా నింపి, మాంగనీస్ సల్ఫేట్ 1 మిల్లీలీటరు, ఆల్కలీ అయొడైడ్ అజైడ్ 1 మిల్లీలీటరు పిపెట్ మొన నీళ్ళలో ముంచి వదలండి. మూత పెట్టి తిరగేసి కలపండి. గోధుమరంగు పెరుగులా విరిగితే ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉంటే లేనట్టు. అది కిందికి దిగాక గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 1 మిల్లీలీటరు వేసి కరిగించి, అందులోంచి 201 మిల్లీలీటర్లు తీసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో, చివర్లో స్టార్చ్ వేసి, నీలం పోయేదాకా టైట్రేట్ చేయండి. ఎన్ని మిల్లీలీటర్లు పడితే లీటరుకు అన్ని మిల్లీగ్రాముల డీఓ. అజైడ్ విషం, ఆమ్లం కాలుస్తుంది. కళ్ళద్దాలు, గ్లవ్స్ లేకుండా చేయొద్దు.

అదే నీళ్ళలో మీటరు 0.3 లోపు తేడాతో ఉంటే నేను ఒప్పుకుంటాను. అంతకు మించితే మీటరును తప్పుపట్టే ముందు థయోసల్ఫేట్ ఎప్పుడు కలిపిందో చూసుకోండి. పాతబడితే దాని బలం తగ్గిపోతుంది.

తేడా వచ్చినప్పుడు

అంకె గాలిలో కూడా సున్నా దగ్గరే ఉంటే ముందు కేబుల్ కనెక్టర్ విప్పి తడి ఉందేమో చూడండి, తర్వాత ద్రావణం ఎండిందేమో చూడండి. ఆగకుండా పైకి పోతుంటే పొర చిరిగింది. క్యాలిబ్రేట్ చేసిన గంటకే గాలిలో 5 శాతం పైగా జారిపోతే, కొత్త పొర వేసినా అదే జరిగితే, ఎలక్ట్రోడ్ ఆయుష్షు తీరింది. సున్నా పరీక్షలో 0.5 దగ్గర ఆగిపోతే ఆనోడ్ శుభ్రం చేసి మళ్ళీ చూడండి. ఉష్ణోగ్రత అంకె మామూలు థర్మామీటరుతో ఒక డిగ్రీ తేడా ఉంటే ప్రోబ్ మార్చాల్సిందే. ఆ సవరణ తప్పితే మిగతాదేదీ సరిగా రాదు.

ప్రోబ్‌తో పాటు ఒక చిన్న నోటుపుస్తకం ఉంచండి. పొర మార్చిన తేదీ, ఆ రోజు వేసిన ఒత్తిడి, ముంచేముందు గాలిలో చూపించింది ఎంత, తిరిగొచ్చాక గాలిలో చూపించింది ఎంత, ఇవి రీడింగుల పక్కనే రాయండి. తిరిగొచ్చాక చూసిన అంకె పొద్దుటిదానికి 3 శాతం లోపు ఉంటే ఆ రోజు రీడింగులు ఉంచండి. దాటితే వాటికి అడ్డంగా గీత కొట్టి, మరుసటి రోజు మళ్ళీ వెళ్ళండి.